ఓట్లతో గెలవని కాలనీ సంఘానికి లెక్క అడిగే హక్కు ఎక్కడిది?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను. గుంటూరులో మీ కాలనీ వాళ్లు పదిహేను మంది కలిసి సంఘం పెట్టుకున్నారు. ఏడాది కిందట వేసిన సైడు కాలువ అప్పుడే కుంగింది, గట్టి వాన పడితే మురుగంతా గుమ్మాల ముందుకొస్తోంది. అడుగుదామని వెళ్తే మీ డివిజన్ కార్పొరేటర్ గారు "ఓట్లేయించుకుని గెలిచింది మేము, మధ్యలో మీరెవరు?" అన్నారు. మీ అబ్బాయి గ్రూప్స్‌కి చదువుతున్నాడు, వాడి పుస్తకంలో 'సుపరిపాలనలో పౌర సమాజం పాత్ర' అని ఒక అధ్యాయమే ఉంది. పౌర సమాజం అంటే ప్రభుత్వమూ పార్టీ కాకుండా జనం తమంతట తాము పెట్టుకున్న మీలాంటి సంఘాలు. అది నేల మీద నిజంగా ఉందా, మార్కుల కోసం రాసుకునే మాటేనా అని మీరు అడుగుతున్నారు. సంఘాన్ని రిజిస్టర్ చేయించాలా అన్నది రెండో ప్రశ్న.

ఉందండి. నేను విజయవాడలో ఇరవై రెండేళ్లుగా కాలనీ సంఘాల పనిలో ఉన్నాను. మధ్యలో నాలుగేళ్లు మీ గుంటూరు జిల్లా పల్లెల్లోనే ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో, అంటే పనుల లెక్కల్ని జనమే సరిచూసే పనిలో తిరిగాను. ఇన్నాళ్లకు నాకు అర్థమైంది ఇంతే: లెక్క అడగాలి. కాగితం మీద అడగాలి. జవాబు వచ్చేదాకా వదలకూడదు. పౌర సమాజం పనంతా ఈ మూడింట్లోనే ఉంది. మొక్కలు నాటడం, మజ్జిగ పంచడం, ర్యాలీ తీయడం మంచి పనులే. కానీ పరిపాలన మారేది వాటితో కాదు.

కార్పొరేటర్ గారి మాటకు కోపం తెచ్చుకోకండి, అందులో ఒక నిజం ఉంది. ఆయన తప్పు చేస్తే అయిదేళ్లకు జనం ఇంటికి పంపిస్తారు. మీ పదిహేను మందిని ఎవరు పంపిస్తారు? అందుకని ఏ వీధి కాలువ ముందు వేయాలి, ఉన్న డబ్బు దేనికి ఖర్చు పెట్టాలి అని నిర్ణయించేది వాళ్లే. ఆ అధికారం మీకు కావాలని ఎప్పుడూ అడక్కండి. కానీ ఒకసారి నిర్ణయం అయ్యాక పని ఎలా జరిగింది, రూపాయి ఎటు పోయింది అని అడిగే హక్కు ఓటేసిన రోజుతో అయిపోదు.

ఇది నేను కల్పించి చెప్తున్నది కాదు, చట్టంలోనే ఉంది. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ 243-ఎస్ అధికరణలో 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాలకు వార్డు కమిటీలు ఉండాలని రాసింది. 2011 లెక్కల నాటికే గుంటూరు ఆరు లక్షలు దాటింది. 2005లో నగరాల అభివృద్ధికి కేంద్రం పెట్టిన జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం పథకం వచ్చినప్పుడు కేంద్రం డబ్బు కావాలంటే జనం భాగస్వామ్యానికి చట్టం చేయాలని షరతు పెట్టారు. మా విజయవాడ ఆ పథకంలో ఉన్న నగరమే. అదే ఏడాది సమాచార హక్కు చట్టం వచ్చింది. సెక్షన్ 3 ఒక్క వాక్యంలో పౌరులందరికీ సమాచారం పొందే హక్కు ఉందంటుంది. సెక్షన్ 6(2) ఇంకో అడుగు ముందుకేసి, ఆ సమాచారం ఎందుకని దరఖాస్తుదారుణ్ని కారణం అడగకూడదంటుంది. "మీరెవరు?" అంటే "పౌరులం" అన్న ఒక్క మాట చాలు.

ఆ చట్టం కూడా ఎవరో పెద్దలు దయతలచి ఇచ్చింది కాదండి. రాజస్థాన్‌లో కరువు పనులకు వెళ్లిన కూలీలు తమ కూలి పూర్తిగా రావడం లేదని, మస్టర్ రోల్ (కూలీల హాజరు, కూలి రాసే పట్టీ) చూపించమని అడిగారు. మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్లు 1994 డిసెంబర్ నుంచి ఊళ్లల్లో బహిరంగ విచారణలు పెట్టి బిల్లులు, వోచర్లు జనం ముందు చదివారు. 1996లో బ్యావర్ పట్టణంలో నలభై రోజులు ధర్నా చేశారు. అక్కడ రాజుకున్నది తొమ్మిదేళ్ల తర్వాత దేశమంతటికీ చట్టమైంది. మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల సంగతి మీకు తెలిసే ఉంటుంది. అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న వాళ్లే 1992లో సారాకు ఎదురు తిరిగారు, 1993 అక్టోబర్‌లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఎన్నికల్లో నిలబడేవాళ్లు ఆస్తులు, కేసులు అఫిడవిట్‌లో చెప్పాలని 2002లో సుప్రీంకోర్టు అన్నదీ పౌర సంస్థలు కేసు వేస్తేనే. మీ అబ్బాయి పుస్తకంలో ఇవి ఉంటాయి. అవి ఎంత చిన్న కాగితంతో మొదలయ్యాయో మాత్రం సాధారణంగా రాయరు.

ఇప్పుడు మీ కాలువ దగ్గరికి వద్దాం.

2014లో మా వీధిలోనూ అచ్చం ఇదే జరిగింది. కాలువ కట్టి ఎనిమిది నెలలు కాలేదు, రెండు చోట్ల గోడ లోపలికి ఒరిగింది. మొదటి ఆరు నెలలూ మేం చేసింది అర్జీలివ్వడమే. "మా వీధి కాలువ నాసిరకంగా ఉంది, తగిన చర్యలు తీసుకోగలరు" అని రాసేవాళ్లం. తీసుకునేవాళ్లు, ఏమీ జరిగేది కాదు. మా సంఘంలో పంచాయతీరాజ్‌లో ఏఈగా (అసిస్టెంట్ ఇంజినీరుగా) చేసి రిటైరైన పెద్దాయన ఒకరు ఉండేవారు. ఒకరోజు ఆయన అర్జీ చదివి పక్కన పెట్టేశారు. "నాసిరకం అంటే ఎవడికీ నొప్పి తగలదయ్యా. ఎం-బుక్ అడగండి" అన్నారు.

ఎం-బుక్ అంటే కొలతల పుస్తకం. ఏ ఇంజినీరింగ్ పనికైనా ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎంత లోతు కట్టారో ఏఈ అందులో రాస్తారు, దాన్నిబట్టే కాంట్రాక్టరుకి బిల్లవుతుంది. సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో నా పేరు మీద దరఖాస్తు పెట్టాను. సంఘం పేరు మీద పెట్టకండి. చట్టం 'పౌరులు' అంటుంది కాబట్టి సంఘం లెటర్‌హెడ్ మీద రాస్తే తిప్పి పంపడానికి ఒక సాకు దొరుకుతుంది. అడిగినవి నాలుగు: ఆ పని ఎస్టిమేటు నకలు, ఎం-బుక్‌లో ఆ పనికి సంబంధించిన పేజీలు, క్వాలిటీ కంట్రోల్ నివేదిక, బిల్లు చెల్లించిన తేదీలు. 'ఎందుకు', 'ఎలా' అని ప్రశ్నలు అడక్కండి, కాగితాలు అడగండి. ఎందుకు కుంగిందని అడిగితే "అలాంటి సమాచారం మా వద్ద లేదు" అని వస్తుంది, చట్టప్రకారం అది సరైన జవాబే.

ముప్పై రోజుల్లో రావాల్సింది రాలేదు. మొదటి అప్పీలు వేశాక, వచ్చి చూసుకోమన్నారు. నేనూ, పెద్దాయనా, మా వీధి మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకున్నాయనా ముగ్గురం వెళ్లాం. పొడుగాటి పుస్తకం, అట్ట మూలలు అరిగిపోయి ఉంది. పెద్దాయన కళ్లజోడు సవరించుకుని వేలితో ఒక్కో గీతా చదువుతుంటే నేను రాసుకున్నాను. లోతు 0.75 మీటర్లు అని ఉంది. ఇస్త్రీ ఆయన అక్కడే, "నా బండి పక్కన మూత పగిలింది కదండీ, పిల్లాడి బంతి పడితే నేనే దిగి తీశాను. నా మోకాలు దాటి కొద్దిగా పైకి ఉందంతే" అన్నారు. పుస్తకంలో ఉన్న కొలత మా వీధిలో లేదని మాకు మొదట తెలిసింది ఆ మాటతోనే.

మూతలు మేమే లేపి కొలిస్తే ప్రభుత్వ ఆస్తి పాడుచేశారని మా మీదికే వస్తుందని పెద్దాయన ఆపారు. సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(జె) ప్రకారం పనిని పరిశీలించే హక్కు, వాడిన సామగ్రి నమూనా తీసుకునే హక్కు కూడా మనకున్నాయి. దాన్ని ఉదహరిస్తూ ఉమ్మడి తనిఖీకి తేదీ అడిగాం. రెండుసార్లు వాయిదా పడ్డాక ఒక శనివారం పొద్దున్నే వచ్చారు. గునపంతో మూత లేపి, పారిశుద్ధ్య కార్మికుడొకాయన పూడిక తీసి, టేపు దించితే 0.52 వచ్చింది. ఇంకో రెండు చోట్ల కూడా అంతే. ఎవరూ గొంతు పెంచలేదు. వచ్చిన ఇంజినీరు చేతే ఆ మూడు అంకెలూ కాగితం మీద రాయించి సంతకం తీసుకున్నాం.

అరవై మీటర్ల మేర కాంట్రాక్టరు సొంత ఖర్చుతో తిరిగి కట్టారు. మిగతా కాలువ అలాగే ఉంది. మొదటి దరఖాస్తు నుంచి మొత్తం పద్నాలుగు నెలలు పట్టింది. ఈ అంకె మీకు కావాలనే చెప్తున్నా. నెలా రెండు నెలల్లో తేలుతుందనుకుని దిగిన సంఘాలు మూడో నెలకే వాట్సాప్ గ్రూపులుగా మిగిలిపోవడం చాలా చూశాను.

ఇంకో కేసు. మంచినీళ్లు సరిగా రావడం లేదని ఒక పేట వాళ్లు మమ్మల్ని పిలిచారు. మీటింగులో ఒక్కొక్కరూ ఒక్కో టైము చెప్తున్నారు. అధికారులు మాత్రం రోజూ గంటన్నర ఇస్తున్నామనే అంటున్నారు. అందరూ లేచిపోతుంటే ఇడ్లీ బండి పెట్టుకునే ఒకావిడ లోపలికెళ్లి కూతురి పాత నోట్‌బుక్ తెచ్చింది. తెల్లవారుజామున నీళ్లు పట్టుకుంటేనే ఆవిడకు ఆ రోజు వ్యాపారం. అందుకని నాలుగు నెలలుగా కుళాయి ఎప్పుడొచ్చింది, ఎప్పుడు కట్టేసింది, నీళ్లు ఏ రంగులో ఉన్నాయి అని రోజూ రాసుకుంది. 'తెలుపు', 'పసుపు', రెండు చోట్ల 'వాసన'. మా పెద్ద చదువుల అర్జీలన్నీ ఒక ఎత్తు, ఆ నోట్‌బుక్ ఒక ఎత్తు. దాని జిరాక్సు పెట్టిన వారానికి పైపులైను తవ్వి చూశారు. మురుగు కాలువలో నుంచి పోతున్న చోట పైపు పగిలి ఉంది. 2018 మార్చిలో మీ ఊళ్లో తూర్పు వైపు పేటల్లో డయేరియా ప్రబలి ప్రాణాలు పోయాయి, మర్చిపోయి ఉండరు. నీళ్లకు వాసనొచ్చిన రోజును ఎవరో ఒకరు రాసిపెట్టడం ఎంత పెద్ద పనో అప్పుడు నాకు మళ్లీ అనిపించింది.

ఆఫీసుకు ఊరంతా తెలిసినట్టే ఉంటుంది. ఆవిడ కుళాయి సంగతి మాత్రం ఆవిడకే తెలుసు. ప్రభుత్వానికి పౌర సమాజం అవసరమయ్యేది ఇందుకేనని నేను గట్టిగా నమ్ముతాను.

సామాజిక తనిఖీ సంగతి కాస్త వివరంగా చెప్తాను. ఎందుకంటే ఈ విషయంలో మన రాష్ట్రం దేశానికే దారి చూపించింది, ఇక్కడివాళ్లకే అది అంతగా తెలియదు. ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ఆ చట్టం 17వ సెక్షన్ గ్రామసభే పనుల్ని తనిఖీ చేయాలంది. చాలా రాష్ట్రాలు దాన్ని కాగితం మీదే వదిలేస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2009లో తనిఖీ కోసం విడిగా ఒక సొసైటీనే పెట్టింది. కూలీల ఇళ్లలో కాస్త చదువుకున్న పిల్లలకు శిక్షణ ఇచ్చి, వాళ్ల చేతే రికార్డులు చదివించేవాళ్లు. ముందు ఇంటింటికీ వెళ్లి పనిచేసిన రోజులు, అందిన కూలి రాసుకోవాలి, తర్వాత పని జరిగిన చోట కొలవాలి, ఊళ్లో గ్రామసభ పెట్టి చదవాలి, చివరికి మండల కేంద్రంలో అధికారుల ముందు బహిరంగ విచారణ, దాన్నే ప్రజావేదిక అంటారు.

ఒక రాత్రి ఒక ఊళ్లో రామాలయం అరుగు మీద కూర్చుని మస్టర్ చదువుతున్నాం. కరెంటు లేదు, టార్చి వెలుతురు. మా బృందంలో అమ్మాయి ఒక పేరు చదివి "పద్దెనిమిది రోజులు" అంది. జనంలో ఎవరూ పలకలేదు. మళ్లీ చదివింది. ఒక ముసలాయన నెమ్మదిగా, "ఆమె పోయిన సంక్రాంతికే పోయింది కదమ్మా" అన్నాడు. చనిపోయిన మనిషి పేరున కూలి డ్రా అయింది. ఆమె కొడుకు అక్కడే ఉన్నాడు. తల్లి పేరు పక్కన వేలిముద్ర చూపిస్తే చాలాసేపు చూశాడు. "మా అమ్మకు సంతకం వచ్చండీ" అన్నాడు.

ప్రజావేదికలో ఆ కేసు తేలింది, బాధ్యుణ్ని తీసేశారు. అయితే మీకు అబద్ధం చెప్పను. తనిఖీల్లో బయటపడ్డ సొమ్ములో తిరిగి వసూలైంది తక్కువే. లెక్క బయటపెట్టడం పౌర సమాజం చేయగలదు, శిక్ష వేయడం చేయలేదు. ఆ రెండో భాగం ప్రభుత్వమే చేయాలి. అది చేయకపోతే తనిఖీ చేసిన పిల్లలే ఊళ్లో శత్రువులవుతారు. మా బృందంలో ఇద్దరిని ఆ ఊళ్లలో భోజనానికి కూడా పిలవని రోజులున్నాయి. అయినా మరుసటి ఏడాది అదే ఊరికి వెళ్తే కూలీలు తమ జాబ్‌కార్డులు తామే తెచ్చి చూపించారు. అప్పటిదాకా అవి వేరేవాళ్ల దగ్గర ఉండేవి.

అధికారులు "నిధుల్లేవు" అంటే ఏం చేయాలని ఇదే చోట ఇంకొకరు అడిగారు. దానికి మంచి జవాబు 1980లోనే వచ్చింది. మధ్యప్రదేశ్‌లోని రత్లాం అనే ఊళ్లో ఒక వార్డు జనం మురుగు కాలువలు కట్టించమని మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లారు. మున్సిపాలిటీ డబ్బుల్లేవంది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్తే జస్టిస్ కృష్ణయ్యర్, ప్రజారోగ్యం చూడటం మున్సిపాలిటీ విధి అని, డబ్బు లేదన్న సాకుతో దాన్ని తప్పించుకోలేరని తీర్పు రాశారు. అప్పట్లో వాళ్లు వాడింది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133, ఇప్పుడు అదే భారతీయ నాగరిక సురక్షా సంహిత 152లో ఉంది. అంత దూరం వెళ్లే ముందు శాశ్వత లోక్ అదాలత్ ఉంది. నీటి సరఫరా, పారిశుద్ధ్యం లాంటి ప్రజోపయోగ సేవల వివాదాలు అక్కడికి తీసుకెళ్లొచ్చు, కోర్టు ఫీజు ఉండదు. కోర్టుకు వెళ్లాలంటే మాత్రం చేతిలో తేదీలున్న కాగితాలు ఉండాలి. ఎక్కడికెళ్లినా ఇన్‌వార్డ్ నంబరు (కాగితం అందిందని ఆఫీసు వేసే నంబరు) వేయించుకున్న రసీదే మిమ్మల్ని కాపాడుతుంది. నోటితో చెప్పొచ్చిన మాటకు సాక్ష్యం లేదు.

ఇక జాగ్రత్తలు. నిజానికి మీకు ఎక్కువగా పనికొచ్చేది ఈ భాగమే.

మీ పదిహేను మంది ఎవరో ఒకసారి చూసుకోండి. అందరూ సొంతిళ్ల వాళ్లేనా? అద్దెకున్నవాళ్లు, కాలువ చివర పల్లంలో ఉన్న రేకుల ఇళ్లవాళ్లు, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు, తోపుడు బండ్ల వాళ్లు ఉన్నారా? ఇందులో నేను పెద్ద తప్పు చేశాను. చాలా ఏళ్ల కిందట మా రోడ్డు మీద ట్రాఫిక్ ఇబ్బందిగా ఉందని కూరగాయల బండ్లు తీయించమని సంఘం తరఫున అర్జీ రాసింది నేనే. మా అర్జీల్లో అంత త్వరగా పనైంది అదొక్కటే. వారం తిరక్కుండా బండ్లు లేపేశారు. పదిహేనేళ్లుగా మా ఇంటికి ఆకుకూరలు ఇచ్చిన ఆమె నన్ను అడిగింది, "అయ్యగారూ, మీ కాగితంలో మా పేర్లు కూడా రాశారా?" అని. ఆ రోజు నేనేమీ చెప్పలేకపోయాను. తర్వాత 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలని, సర్వే చేయకుండా ఎవర్నీ లేపకూడదని అందులో రాశారు. ఆ చట్టం కోసం పోరాడింది వీధి వ్యాపారుల సంఘాలే. అవి కూడా పౌర సమాజమే, మా కాలనీ సంఘమూ పౌర సమాజమే. ఎవరి గొంతు ఆఫీసులో త్వరగా వినబడుతుందో గమనించి, మిగతావాళ్లను పక్కన కూర్చోబెట్టుకోవాల్సిన బాధ్యత మన మీద ఉంది.

మీ లెక్క ముందు గోడకు అంటించండి. ఇల్లు ఒక్కింటికి యాభయ్యో వందో వసూలు చేస్తారు కదా, జిరాక్సులకు ఎంత, ఆటోకు ఎంత, స్వాతంత్ర్య దినోత్సవం మిఠాయిలకు ఎంత, నెలనెలా రాసి అందరికీ కనిపించేట్టు పెట్టండి. నాకు తెలిసిన రెండు మంచి సంఘాలు కార్పొరేషన్‌తో గొడవపడి పోలేదు, గణేశ్ పందిరి మిగులు డబ్బు దగ్గర పోయాయి. లెక్క అడిగేవాళ్ల లెక్క తేలకపోతే ఆ తర్వాత ఎవరూ వినరు.

పార్టీ విషయం. సభ్యులకు పార్టీలుండటం తప్పు కాదు, మన ఊళ్లలో లేకుండా ఉండదు కూడా. పదవుల్లో ఉన్నవాళ్లు పార్టీ కండువా వేసుకుని సంఘం పేరున మాట్లాడకూడదు, అంతే. 1996లో పౌర ఉద్యమంగా మొదలైన లోక్‌సత్తా 2006లో పార్టీ అయింది. అది మంచిదా కాదా అని మా వాకింగ్ ట్రాక్ మీద ఇప్పటికీ వాదనలు నడుస్తాయి. నా అభిప్రాయం ఏమిటంటే, రెండు పనులూ అవసరమే, ఒకే మనిషి రెండూ ఒకేసారి చేయలేడు. ఆస్తిపన్ను అద్దె విలువ నుంచి మూలధన విలువకు మార్చినప్పుడు, 2021లో చెత్తకు నెలవారీ యూజర్ చార్జీ పెట్టినప్పుడు విజయవాడ, గుంటూరు సంఘాలు అభ్యంతరాలు చెప్పాయి. చెత్త చార్జీ 2024లో ప్రభుత్వం మారాక పోయింది. అప్పుడు అడిగిన సంఘాలు ఇప్పుడు, 'చార్జీ లేకుండా చెత్త బండ్లు రోజూ రావడానికి డబ్బు ఎక్కడి నుంచి తెస్తారు' అని కూడా అడగాలి. కొన్ని అడగడం లేదు. ఏ ప్రభుత్వం ఉన్నా ఒకే ప్రశ్న అడిగేవాళ్లనే అధికారులు నమ్ముతారు.

సేవ చేయడం, లెక్క అడగడం రెండూ కలిసి వచ్చిన సందర్భం ఒకటి చెప్పాలి. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వాగు పొంగి మా విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట మునిగినప్పుడు మొదటి నాలుగు రోజులూ అందరం పులిహోర పొట్లాలు, పాల ప్యాకెట్లు మోశాం. మోయాల్సిందే, లోపల పిల్లలున్నారు. నీళ్లు తీశాక చాలామంది ఇళ్లకు వెళ్లిపోయారు. అసలు పని అప్పుడే మొదలైంది. నేల అంతస్తు ఇంటికి 25,000, పై అంతస్తులకు 10,000 చొప్పున సాయం ప్రకటించారు. ఇల్లు తాళం వేసి బంధువుల ఊరికి పోయినవాళ్లు, ఆధార్‌లో పాత అడ్రసు ఉన్న అద్దెవాళ్లు జాబితాలో లేకుండా పోయారు. మేం ఆరుగురం ఒక సందు తీసుకుని ప్రతి గుమ్మం దగ్గరా ఆగాం. గోడ మీద నీటి గీత ఇంకా తడిగానే ఉంది, ఆ గీత పక్కన ఇంటివాళ్లను నిలబెట్టి ఫోటో తీశాం. కరెంటు బిల్లు ఎవరి పేరున ఉంది, ఉంటున్నది ఎవరు అని రాశాం. అలా జాబితాలో లేని నలభై ఒక్క ఇళ్ల వివరాలు ఫోటోలతో సహా వార్డు సచివాలయంలో ఇచ్చాం. ఇరవై తొమ్మిది ఇళ్లకు డబ్బు పడింది. మిగతా పన్నెండింటిలో కొన్ని నిజంగానే అర్హత లేనివి, అది కూడా మేమే వాళ్లకు చెప్పాల్సి వచ్చింది. తిట్లు తిన్నాం. అదీ ఈ పనిలో భాగమే.

అధికారులందరినీ ఒకే గాటన కట్టకండి. ఇన్నేళ్లలో నాకు సాయం చేసినవాళ్లలో సగం మంది ఆఫీసుల లోపలివాళ్లే. కొంతమంది నిజాయితీగల ఇంజినీర్లు బయటినుంచి ఒక కాగితం రావాలని ఎదురుచూస్తుంటారు, అది వస్తే పైవాళ్లకు చూపించి పని చేయించొచ్చని. వార్డు సచివాలయంలో రోడ్లు, కాలువలు, నీళ్ల పనులు చూసే ఎమినిటీస్ సెక్రటరీతో ముందు మాట్లాడండి. చాలామంది చదువుకున్న పిల్లలే, మర్యాదగా అడిగితే ఏ పని ఏ హెడ్డు (నిధుల పద్దు) కింద ఉందో చెప్తారు. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. అక్కడ ఇచ్చిందానికి నంబరు పడుతుంది.

రిజిస్ట్రేషన్ సంగతి. సమాచార హక్కు దరఖాస్తుకు, అర్జీకి, గ్రీవెన్స్‌కి అది అక్కర్లేదు. బ్యాంకు ఖాతా కావాలన్నా, సంఘంగా ఒప్పందం చేసుకోవాలన్నా కావాలి. 2001 సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులతో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర చేయించుకోవచ్చు. తర్వాత ఏటా సర్వసభ్య సమావేశం పెట్టాలి, కార్యవర్గం జాబితా, లెక్కలు దాఖలు చేయాలి. ఆ శ్రద్ధ ఉంటేనే దిగండి. ముందు ఒక ఏడాది రిజిస్ట్రేషన్ లేకుండానే పని చేసి, ఎవరు నిలబడతారో చూసి, అప్పుడు చేయించండి. మా సంఘం మూడో ఏట చేయించింది.

ఒక్క విషయం మర్చిపోయాను. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమాచార హక్కులో వ్యక్తిగత సమాచారానికి మినహాయింపు ఇచ్చే 8(1)(జె)ని మార్చింది. వ్యక్తుల వివరాలు అడిగితే 'వ్యక్తిగతం' అని తోసిపుచ్చడం ఇప్పుడు తేలిక. అందుకని ఎవరు చేశారు అని కాకుండా పని చుట్టూ అడగండి: పని పేరు, అంచనా, కొలతలు, చెల్లింపు, కాంట్రాక్టు ఒప్పందంలో ఎన్నాళ్లు మరమ్మతు బాధ్యత ఉందో ఆ పేజీ. మీ కాలువకు ఏడాదే అయింది కాబట్టి ఆ బాధ్యత గడువు ఇంకా ఉండొచ్చు, ఆ పేజీ ముందు తెప్పించండి. గడువు దాటాక ఎంత అడిగినా కొత్త ఎస్టిమేటు, కొత్త నిధులు అంటారు.

ఈ సోమవారమే దరఖాస్తు పెట్టండి. మీ పేరున, పది రూపాయల ఫీజుతో, రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర వేయించుకోండి. ఎం-బుక్ పేజీలు చేతికొచ్చాక పేర్లు కొట్టేసి ఇక్కడ పెట్టండి, కొలతలు ఎలా చదవాలో నేను చెప్తాను. ఈలోగా కాలువ కుంగిన చోట వాన పడిన ప్రతిసారీ నీరు ఎంత ఎత్తు వచ్చిందో ఎవరో ఒకరు తేదీ వేసి రాస్తూ ఉండాలి. మీ వీధిలో ఆ నోట్‌బుక్ ఎవరింట్లో ఉంటుందో ఈ రాత్రే అనుకోండి.